‘సామాను దొరుకుతదా?’ అని అడిగిన పోశం బాపు

2022 ఫిబ్రవరి. కరీంనగర్ బైపాస్ రోడ్డు మీద ఒక కార్ల షోరూంలో నేను సేల్స్ కన్సల్టెంట్‌ని. ఈ పనిలోకి వచ్చి అప్పటికి ఏడేళ్లు, ఆ కంపెనీలో చేరి రెండేళ్లు. మాది మార్కెట్లోకి కొత్తగా వచ్చిన కంపెనీ. జనం ఇరవై ఏళ్లుగా నమ్ముకున్న కార్ల ముందు మా కారును నిలబెట్టి, ఇదే మేలని ఒప్పించడం నా ఉద్యోగం.

దానికి మా చేతికి ఒక కంపారిజన్ షీట్ ఇస్తారు. చిన్న కార్లయిన హ్యాచ్‌బ్యాక్‌లకు ఒక పేజీ, కాస్త ఎత్తుగా ఉండే కాంపాక్ట్ ఎస్‌యూవీలకు ఒకటి, ఏడు సీట్ల బండ్లకు ఒకటి. ఎడమ పక్క అందరికీ తెలిసిన కారు, కుడి పక్క మాది. మైలేజీ, ఎయిర్‌బ్యాగులు, డిక్కీలో చోటు, స్క్రీన్ సైజు... ఏ వరుస చూసినా మాదే గెలిచినట్టు కనిపిస్తుంది. గెలవని వరుసలను షీట్ తయారు చేసినవాళ్లే తీసేస్తారు. ఇది కొనేవాళ్లకు తెలియదు. మాకు తెలుసు.

పోశం బాపు తన భార్య లచ్చవ్వతో కలిసి ఒక బుధవారం పొద్దున వచ్చాడు. బొగ్గు గనుల్లో, పైనుంచే తవ్వే ఓపెన్ కాస్ట్‌లో ముప్పై ఏళ్లు డంపర్ లారీ నడిపి రిటైరైన మనిషి. క్వార్టర్ ఖాళీ చేసి జన్నారం అవతల సొంతూళ్లో ఇల్లు కట్టుకున్నాడు. లచ్చవ్వకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి మంచిర్యాల పోవాలి. పోను గంటన్నర, రాను గంటన్నర. రక్తం శుద్ధి అయ్యాక ఆమెకు బీపీ పడిపోయేది, కాళ్లలో సత్తువ ఉండేది కాదు. బస్సు మెట్లు ఎక్కలేకపోతోందని కారు కొనడానికి వచ్చారు.

నేను షీట్ తీశాను. పోశం బాపు దాన్ని మర్యాదగా తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గీ లెక్కలు నాకెందుకు బిడ్డా. ఆమె కూసోని, మల్ల లేవస్తె సాలు. ఏ బండిల లేవస్తదో గది జూపియ్యి" అన్నాడు.

ఏడేళ్లలో నన్ను ఎవరూ అట్లా అడగలేదు. షోరూం వెనక ఎక్స్ఛేంజ్ యార్డు ఉంటుంది. కొత్త కారు కొనేవాళ్లు ఇచ్చేసిన పాత కార్లు అక్కడ పెడతాం. లచ్చవ్వను అక్కడికి తీసుకెళ్లి ముందు హ్యాచ్‌బ్యాక్‌లో కూర్చోబెట్టాను. ఊరికి నాలుగైనా కనిపించే కారు అది. సీటు బాగా కిందికి ఉంది. ఆమె కూర్చోలేదు, అందులోకి ఒరిగిపోయింది. బయటికి రావడానికి పోశం బాపు చంకల కింద చేతులు పెట్టి లాగాల్సి వచ్చింది.

"నలుగురు జూస్తుంటె గిట్ల గుంజుడు నాకు సిగ్గయితది" అంది ఆమె కొంగు సర్దుకుంటూ.

ఏడు సీట్ల బండి మరీ ఎత్తు. కాలు అందలేదు. చివరికి మా కాంపాక్ట్ ఎస్‌యూవీ దగ్గరికి తెచ్చాను. సీటు సరిగ్గా ఆమె నడుముకు కొంచెం కింద వచ్చింది. వెనక్కి తిరిగి కూర్చుంది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు లోపలికి పెట్టుకుంది. దిగింది. మళ్లీ ఎక్కింది.

"ఏందయ్యా, ఎవ్వలు పట్టకుంటనే ఎక్కిన!" అని భర్తను చూసి నవ్వింది.

పోశం బాపు ముఖం కూడా విచ్చుకుంది. అయినా డంపర్ నడిపిన మనిషి కదా, బానెట్ ఎత్తించి లోపల చాలాసేపు చూశాడు.

"అంత మంచిగనే ఉన్నది బిడ్డా. ఒక్క మాట చెప్పు. మిషన్ అన్నంక ఎన్నడో ఒకనాడు ఖరాబయితది. గప్పుడు సామాను దొరుకుతదా? మా బామ్మర్ది కారుకయితె లక్షెట్టిపేటల మెకానిక్ కాడనే అన్ని దొరుకుతయి."

"మూడేండ్ల వారంటీ ఉంది బాపూ. ఏమైనా మాదే పూచీ. మీరు ఫికర్ చేయకుండ్రి" అన్నాను.

ఆయన అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. వారంటీ అంటే చెడిపోయిన భాగాన్ని కంపెనీ ఉచితంగా మారుస్తుందని మాత్రమే. ఎప్పుడు మారుస్తుందో అందులో ఉండదు. ఆ సమయానికి మా సర్వీస్ షెడ్డులో అదే మోడల్ తెల్ల కారు ఒకటి నెలకు పైగా నిలబడి ఉంది. గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్ పోయింది. చిన్న కంప్యూటర్ లాంటి పెట్టె అది, బయట ఏ మెకానిక్ దగ్గరా దొరకదు. సిరిసిల్ల నుంచి ఆ కారు ఓనరు వారం వారం వచ్చి గొడవపడి పోతున్నాడు. నేను రోజూ మధ్యాహ్నం ఆ కారు పక్కనే నిలబడి టీ తాగేదాన్ని.

నెలాఖరు దగ్గరపడింది. నా టార్గెట్‌కు ఒక్క బండి తక్కువ. అదొక కారణం. ఆమె నవ్వు చూశాక పాడు చేయాలనిపించలేదన్నది ఇంకో కారణం. రెండోది కూడా నిజమే. కానీ మొదటిది లేకపోతే నోరు తెరిచేదాన్నేమో.

ఆ వారంలోనే కారు కొన్నారు. రెండు నెలలు బాగా నడిచింది. ఒకసారి ఆస్పత్రి నుంచి లచ్చవ్వే ఫోన్ చేసి, "ఇయ్యాల గూడ నేనే ఎక్కిన బిడ్డా" అని చెప్పింది. ఆ మాట షోరూంలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

మే మొదట్లో, మంచిర్యాల నుంచి తిరిగి వస్తూ లక్షెట్టిపేట దాటాక కారు ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. డయాలసిస్ అయిన మనిషిని రోడ్డు పక్కన హోటల్ బల్ల మీద పడుకోబెట్టి, పోశం బాపు నాకు ఫోన్ చేశాడు. మరుసటి రోజు రికవరీ వ్యాన్ కారును కరీంనగర్ తెచ్చింది. పోయింది అదే కంట్రోల్ యూనిట్.

స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో అడిగితే "బ్యాక్ ఆర్డర్" అన్నారు. అంటే ఆర్డర్ పెట్టాం గానీ కంపెనీ దగ్గరే సరుకు లేదని. అమ్మకానికి ఉన్న కొత్త కారులోంచి ఆ యూనిట్ తీసి వేద్దామని మేనేజర్‌ను అడిగాను. "ఒకరికి చేస్తే అందరూ అడుగుతారు మేడం" అన్నాడు. కనీసం టెస్ట్ డ్రైవ్ కారు పంపుదామంటే ఊరు దాటించడానికి పర్మిషన్ లేదన్నాడు. నేను ఇంకోసారి అడగలేదు.

పోశం బాపు వారానికి రెండుసార్లు ఫోన్ చేసేవాడు. గొంతు పెంచేవాడు కాదు. "వచ్చిందా బిడ్డా?" అనేవాడు. "ఇంకా రాలే బాపూ" అనేదాన్ని. పెళ్లిళ్ల సీజన్. ఊళ్లో ఉన్న ఒక్క కిరాయి జీపు దొరికిన రోజు దొరికేది. దొరకని రోజు ఆటో. ఒకసారి ఆటోలోంచి దిగుతూ లచ్చవ్వ పడిపోయింది. నలుగురు ఎత్తి లోపలికి మోశారు. ఆ తర్వాత ఆమె మొండికేసింది. వారానికి ఒక్కసారి చాలంది. మంచిర్యాలలో గది కిరాయికి తీసుకుందామని ఆయన తిరిగితే, దొరికినవన్నీ మేడ మీద గదులే.

డయాలసిస్ మనిషి నీళ్లు కొలిచి తాగాలి. అవి మే ఎండలు. వారానికి ఒక్కసారే శుద్ధి జరిగే ఒంట్లో ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? ఊపిరితిత్తుల్లోకి చేరాయి. జూన్ మొదటి వారంలో, జీపు కోసం ఇంటి ముందు కూర్చున్నప్పుడే ఆయాసం ఎక్కువై ఆమె ప్రాణం విడిచింది. ఈ సంగతి ఆయన నాకు ఫోన్ చేసి చెప్పలేదు. సామాను వచ్చి, కారు రిపేరై, "మీ వాహనం సిద్ధంగా ఉంది" అని కంప్యూటర్ మెసేజ్ పంపాకే తెలిసింది. అప్పటికి ఆమె దినాలు అయి మూడు రోజులు.

ఆయన కారు తీసుకోవడానికి ఒక్కడే వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. నేను మంచినీళ్లు తెచ్చి ఇస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. ఎదురుగా కొత్త కార్ల దగ్గర ఎవరో ఫోటోలు దిగుతున్నారు. గ్లాసు బల్ల మీద పెట్టి నా వైపు తిరిగాడు.

"బిడ్డా, ఒక్కటడుగుత. నిజం చెప్పు. సామాను దొరకదని నీకు ముందుగాలనే ఎరుకనా?"

మేనేజర్ దగ్గర లేడు. నెలాఖరు కాదు. ఆయన గొడవ చేయడానికి రాలేదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"లేదు బాపూ. నాకు ఎరుక లేదు" అన్నాను.

ఆయన మెల్లగా తల ఊపాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"నాకు తెల్వకపాయె. ఎరుకుండే దాసినవనుకున్న. గిన్ని దినాలు మనసుల నిన్ను మస్తు తిట్టుకున్న బిడ్డా. మాఫ్ చెయ్యి" అని రెండు చేతులూ జోడించాడు.

ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను. ఆయన తాళం తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ సర్వీసుకు రాలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మూడోసారి చేసే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు ఎవరైనా సామాను సంగతి అడిగితే ఉన్నదున్నట్టు చెబుతున్నాను. అడగకపోయినా చెబుతున్నాను. కొందరు లేచి వెళ్లిపోతారు, కొందరు నవ్వి పట్టించుకోకుండా కొంటారు. దానివల్ల పోశం బాపుకు వచ్చేదేమీ లేదు. మొదటిసారి నిజం దాచినందుకు టార్గెట్‌నూ, మేనేజర్‌నూ, షీట్‌నూ కారణం చెప్పుకునేదాన్ని. రెండోసారి ఆయన అడిగినప్పుడు ఆ మూడింటిలో ఏదీ నా పక్కన లేదు. నేను ఒక్కదాన్నే ఉన్నాను.