రెండో చరణం ముందు హార్న్

మొన్న శుక్రవారం ఫర్వానియాలో మన గోదావరి వాళ్ల టిఫిన్ హోటల్లో పెసరట్టు తింటుంటే కౌంటర్ మీది ఫోనులోంచి ఆ పాట వచ్చింది. యజమాని నన్ను చూసి సౌండు పెంచాడు. "మీ పాటేగా బ్రదరుగారూ! రెండో చరణం ముందు మీ హారనొస్తే ఒళ్లు పులకరించిపోద్దండి" అన్నాడు. తలూపాను. ఆ ఊపిన తల మళ్లీ ఎత్తలేక కాఫీ తాగకుండానే బయటపడ్డాను.

హార్న్ అంటే ఫ్రెంచ్ హార్న్, జిలేబీలా చుట్టలు తిరిగిన ఇత్తడి గొట్టం. మా మేనమామ బ్యాండులో పెళ్లిళ్లకూ సమాధి కార్యక్రమాలకూ ఊదుతూ నేర్చుకున్నాను. మా ఆవిడకు ఇక్కడ గల్ఫులో నర్సు ఉద్యోగం రాగానే ఆవిడ ఇఖామా, అదే నివాస పర్మిట్టు, చలవతో నేనూ దిగాను. హార్న్ వాయిస్తానంటే ఏ కంపెనీలో డ్రైవరని అడిగినవాళ్లున్నారు. హోటళ్లలో పెళ్లి విందులు, స్కూలు కచేరీలు, ఆర్కెస్ట్రాలో ఎవరికైనా జ్వరమొస్తే ఆ కుర్చీ, ఎప్పుడైనా స్టూడియో, ఇదీ నా ఉద్యోగం. ఫోను మోగితే కళాకారుణ్ణి, మోగకపోతే ఉల్లిపాయలు తరిగేవాణ్ణి. ఉల్లిపాయలు చాలా తరిగాను. సాధన బాత్రూములో, తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కి. అయినా పక్క ఫ్లాటు ఈజిప్టు ఆయన గోడ మీద గుద్ది, ఇక చాలించమని "ఖలాస్!" అని అరిచేవాడు.

సాల్మియాలో ఒకాయన తన ఫ్లాటు గోడలకు పరుపులు కొట్టి స్టూడియో నడిపేవాడు. ఒక తెలుగు క్రైస్తవ గీతానికి నన్ను పిలిచాడు. రెండో చరణం ముందు మిగతా వాద్యాలన్నీ ఆగిపోయి హార్న్ ఒక్కటే పలికే ముక్క అది. పెదాలు వాచేదాకా ఊది, ఇంటికొచ్చి ఊరంతా చాటుకున్నాను. పాట విడుదలయ్యాక మా ఆవిడ సెలవు పెట్టి, బిరియానీ వండి, పాస్టరుగారి దంపతులనూ తన వార్డు నర్సులనూ పిలిచింది. తన జీతం మీద బతుకుతున్నాడనుకునే మొగుడికీ ఒక విద్య ఉందని పదిమందికీ చూపించాలని ఆవిడ ఆశ. నాకు అంతకంటే పెద్ద ఆశ.

మొదటి చరణం అయింది. అందరూ తినడం ఆపి నా వైపు తిరిగారు. హార్న్ వచ్చింది. అది నాది కాదు, కీబోర్డు మీద మీటతో పుట్టించింది. ఎక్కడా తడబాటు లేదు. మనం ఊదింది నచ్చకపోతే తీసేసి ఇలా అతికించడం ఆ స్టూడియోల్లో మామూలే. ఊదినవాడికి చెప్పడం మాత్రం మామూలు కాదు. ఇంతలో మా ఆవిడ "అదిగో, అదే మా ఆయన!" అంది. ఒకటే చప్పట్లు. "దేవుడు ఎంత మంచి వరమిచ్చాడు బాబూ" అన్నారు పాస్టరమ్మగారు. నేను లేచి నిలబడి అందరికీ దండం పెట్టాను. కూర్చునే ఉన్నా సరిపోయేది. ఎందుకు లేచానా అని ఇప్పటికీ కుచించుకుపోతాను.

అందరూ వెళ్లాక ఆవిడ గిన్నెలు తోముతుంటే వెనక నిలబడి చెప్పాను, అది నేను కాదని.

"తెలుసండి" అంది, ఇటు తిరక్కుండానే. "మీరు ఊదేముందు గుండెల నిండా ఊపిరి పీలుస్తారు. దాంట్లో ఊపిరే లేదు. రోజంతా రోగుల ఊపిరి వినేదాన్ని, ఆమాత్రం తెలీదేంటండి?"

"మరి ఎందుకలా అన్నావు?"

"మీ మొహం చూళ్లేకపోయానండి."

ఇక నిజం ఎవరికి చెప్పను? చెబితే అబద్ధమాడింది ఆవిడ అవుతుంది. అందుకే ఏ ప్రార్థన కూటంలో ఆ పాట పెట్టినా అరువు నవ్వు ఒకటి తగిలించుకుని కూర్చుంటున్నాను. రానురాను ఫోన్లు తగ్గాయి. హార్న్ బీరువా ఎక్కింది. పాట మాత్రం పాతబడలేదు.

పోయిన నెల ఆవిడ ఆ పాటను మా అమ్మాయికి ఫోనులో వినిపిస్తోంది. "సరిగ్గా వినవే. మీ నాన్న ఊపిరి పీల్చడం కూడా వినపడుద్ది" అంది. నా మీద హాస్యమాడుతోందేమోనని మొహంలోకి చూశాను. లేదు, కళ్లు మూసుకుని నిజంగానే వింటోంది. ఆ నిజాన్ని కాలం మరిపించాల్సింది నాకు. పొరపాటున ఆవిడకు మరిపించి వెళ్లిపోయింది.