రెండో చేప మనది

మొన్న ఏప్రిల్ మొదట్లో ఒకరోజు మా అమ్మాయి ఇంటికని బయలుదేరి, హైవే మీద ట్రాఫిక్ ఆగిపోయిందని ఫోను చెప్పడంతో పాత దారి పట్టాను. ఆ దారి రారిటన్ నది పక్కనే వంపులు తిరుగుతూ పోతుంది. చిన్న వంతెన దగ్గర నా ముందు వెళ్తున్న తెల్ల ట్రక్కు ఆగింది. దాని వెనక పెద్ద పెద్ద నీళ్ళ తొట్లు. ఇద్దరు మనుషులు దిగి, చేతివలలతో తొట్టిలోంచి ట్రౌట్ చేపల్ని తోడి, వంతెన మీంచి నదిలోకి విసరడం మొదలుపెట్టారు. చేపలు గాలిలో ఒక్కసారి తళుక్కుమని నీళ్ళలో పడుతున్నాయి. నేను కారు పక్కకి తీసి ఆపేశాను. ట్రక్కు వెళ్ళిపోయాక కూడా చాలాసేపు అక్కడే కూర్చున్నాను. మావారు పోయాక నేను కావాలని ఆ దారిలో ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ రోజు వెళ్ళింది ఫోను మాట విని.

తెలియనివాళ్ళకి చెప్పాలి కదా, ఈ ట్రౌట్ మా న్యూజెర్సీ నదుల్లో పుట్టి పెరిగిన చేప కాదు, చాలామటుకు హేచరీలో, అంటే చేపపిల్లల్ని పొదిగించే తొట్లలో పెంచినది. వసంతం రాగానే ట్రక్కుల్లో తెచ్చి వాగుల్లో, నదుల్లో వదులుతారు. లైసెన్సు తీసుకున్నవాళ్ళు సీజను తెరిచిన రోజు నుంచి గాలాలేసి పట్టుకుంటారు. ఎండలు ముదిరి నీళ్ళు వేడెక్కితే ఈ చేప తట్టుకోలేదు, అందుకని దాని ముచ్చటంతా ఆ చల్లటి వారాల్లోనే. మావారు నవ్వుతూ, ఇది కూడా మనలాగే వీసా మీద వచ్చిందే అనేవారు. ఆయనకి ఆ జోకు ఎన్నిసార్లు వేసినా కొత్తగానే ఉండేది. వినీ వినీ విసుగొచ్చింది నాకే. ఇప్పుడు ఆ విసుగు కోసం కూడా మొహం వాచి ఉన్నాను.

మన తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మేం ఐసెలిన్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో దిగిన కొత్తల్లో ఓక్ ట్రీ రోడ్ మీద చీరల కొట్లూ స్వీట్ల కొట్లూ ఉండేవి గానీ, చేప కావాలంటే మాకు దొరికేది ఫ్రీజర్‌లో రాయిలా బిగుసుకుపోయిన బొచ్చె ముక్కలే. దాన్ని సింకులో పెట్టి కరిగించి, ఎంత పసుపూ ఉప్పూ పట్టించి కడిగినా, ఐసు వాసన పోయేది కాదు. మావారిది నరసాపురం వైపు, కాలవ గట్టు మీద ఇల్లు, గాలానికి పడిన చేప తోక ఆడిస్తుండగానే వంటింట్లోకి చేరిన రోజులు చూసిన మనిషి. ఆయన ఆ బొచ్చె ముక్క నోట్లో పెట్టుకుని, నా మొహం చూసి ఇంకో ముక్క వేయించుకునేవారు. ఆ తిండి చూసి నాకే జాలేసేది. అలాంటి మనిషికి ఆఫీసులో ఎవరో ఈ ట్రౌట్ సంగతి చెప్పారు. ఆ శనివారమే గాలపు కర్ర కొనుక్కొచ్చి హాల్లో సోఫాకి ఆనించి పెట్టుకుని, టీవీ చూడకుండా దాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఎర మాత్రం ఆయన స్వయంగా తయారుచేసుకునేవారు. గోధుమపిండిలో వెల్లుల్లి దంచి వేసి, ఊరినుంచి తెచ్చుకున్న ఎండు రొయ్యల పొడి కలిపి, చపాతీ పిండిలా మర్దించి చిన్న డబ్బాలో పెట్టేవారు. ఒడ్డున పక్కన నిలబడ్డ అమెరికన్లు ముక్కులు ఎగబీల్చి చూసేవారు, తరవాత ఈయన గాలానికి చేపలు వెంటవెంటనే పడటం చూసి ఆ ముద్ద కాస్త మాక్కూడా పెడతావా అని అడిగేవారు. ఈయన అందరికీ చిటికెడు చిటికెడు ప్రసాదంలా పంచేవారు. అంత ఖరీదైన రొయ్యపొడి చేపల పాలవుతోందని నేను గొణిగితే, చేప దాన్ని తింటుంది, మనం చేపని తింటాం, ఎక్కడికి పోయిందోయ్ అనేవారు.

మొదటిసారి పట్టిన ట్రౌట్ నా చేతిలో ఏమైందో చెప్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. మన ఇళ్ళల్లో చేప రాగానే చేసే పని పొలుసు తీయడం కదా, నేనూ కత్తి తిరగేసి తోక నుంచి తల వైపుకి గీకడం మొదలుపెట్టాను. ట్రౌట్‌కి పొలుసు కంటికి ఆననంత సన్నం, దాన్నసలు తీయక్కర్లేదని నాకేం తెలుసు? గీకగా గీకగా మిరియాలు చల్లినట్టున్న ఆ అందమైన తోలంతా ఊడి వచ్చేసింది. మిగిలినదాన్ని చింతపండు పులుసులో వేసి, చేపల పులుసు మర్నాటికే రుచి అని మూతపెట్టి ఉంచితే, పొద్దుటికి అందులో చేప లేదు, ముళ్ళూ పులుసూ మిగిలాయి. ఆయన ఆ ముళ్ళు ఏరుకుంటూ రెండు పళ్ళేల అన్నం తిని, బ్రహ్మాండం అన్నారు. ఆ తరవాత నేర్చుకున్నాను, పులుసు బాగా మరిగి దగ్గరపడ్డాక ముక్కలు వేసి, రెండు పొంగులు రాగానే దించి, ఆ పూటే తినెయ్యాలని.

కానీ మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. మా అత్తగారు కోడి పెట్టిన మొదటి గుడ్డు, పాదుకి కాసిన మొదటి సొరకాయ, ఏదైనా సరే ప్రథమ ఫలమని చర్చికి పంపాకే ఇంట్లో వాడేవారట. మావారికి అది ఒంట్లో ఇంకిపోయింది. మన కంప్యూటరు ఉద్యోగంలో చేత్తో పట్టుకుని ఇవ్వడానికి పంట ఏముంది, నేను రాసిన కోడు తీసుకెళ్ళి అయ్యగారి బల్లమీద పెడతానా అనేవారు. అందుకని సీజనులో పడిన మొదటి ట్రౌట్ మా పాస్టరు అయ్యగారింటికి. అప్పట్లో మా తెలుగు చర్చికి సొంత గుడి లేదు, ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంటులో మధ్యాహ్నాలు కూడుకునేవాళ్ళం. అయ్యగారి భార్యని, అంటే అమ్మగారిని, అందరం సొంత పెద్దక్కలా చూసేవాళ్ళం. ఈయన ఐసు డబ్బాలో చేప తీసుకెళ్తే, అమ్మగారు వంటింటి గట్టు మీద దాన్ని పెట్టి, కొంగు తలమీదకి లాక్కుని, చిన్న ప్రార్థన చేసేవారు. తరవాత ఆవిడా ఈయనా టీ తాగుతూ నరసాపురం కబుర్లు చెప్పుకునేవారు. ఇంటికొస్తూ కార్లో ఈయన ప్రతి ఏడూ ఒకే మాట అనేవారు, మొదటిది దేవుడిది, రెండో చేప మనది. ఆ రెండో చేప పడిన రోజు మా ఇంట్లో పండగే. మా అమ్మాయికి చిన్నప్పుడు ముళ్ళు తీసి పెట్టేది కూడా ఆయనే, ఆ ఓపిక నాకు లేదు.

మా అమ్మాయి పెద్దదయ్యాక ఒక ఏడు చలికాలంలో ఆయనకి కడుపులో క్యాన్సరని తేలింది. కీమో మొదలయ్యాక నోరు చచ్చిపోయింది, ఏది పెట్టినా ఇనుప ముక్క నాకినట్టుందని పక్కకి నెట్టేసేవారు. నేను చేయని వంట లేదు. చారన్నాను, గంజన్నాను, మిరియాల పొడన్నాను, చివరికి ఆయనకి అసలు నచ్చని ఓట్‌మీల్ కూడా కలిపాను. మేం వెళ్ళినప్పుడల్లా డాక్టరు, ఆయన తినాలి, బరువు తగ్గకూడదు అని నావైపు చూసి చెప్పేది, తినకపోవడం నా చేతిలో ఉన్నట్టు. మా అమ్మాయి వీకెండుకి వచ్చి ప్రొటీన్ షేకులు వరసగా పెట్టి వెళ్ళేది. "అమ్మా, నాన్న నా మాట వినట్లేదు, యూ హావ్ టు ఫోర్స్ హిమ్" అనేది, కళ్ళనీళ్ళు తిప్పుకుంటూ. ఎవరు ఎవర్ని ఫోర్స్ చేస్తాం?

అలాంటి రోజుల్లో, మంచు కరిగి కిటికీ అవతల మట్టి కనబడుతున్న ఒక మధ్యాహ్నం, ఆయన తనంతట తను అడిగారు, ట్రౌట్ పులుసు పలచగా పెడితే తింటానేమో అని. నాకు ప్రాణం లేచొచ్చింది. కొట్టుకి వెళ్ళి కొనుక్కొస్తానన్నాను. అక్కర్లేదు, సీజను తెరుస్తున్నారుగా, పట్టుకుందాం అన్నారు. ఆయన బాత్రూము దాకా వెళ్ళడానికే గోడ పట్టుకుంటున్న రోజులవి. అయినా కాదనలేకపోయాను, ఎందుకంటే పట్టుకుందాం అన్నప్పుడు ఆయన మొహంలో ఆకలి కనిపించింది.

సీజను తెరిచిన శనివారం, ఎర ముద్ద ఆయన చెప్తుంటే నేనే పిసికాను. నీళ్ళలోకి దిగొద్దని ఒట్టు వేయించుకుని, వంతెన కింద ఇసక మీద మడత కుర్చీ వేసి కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, కర్ర చేతికిచ్చాను. ప్రతిసారీ మాటిమాటికీ ఊగే గాలం ఆ రోజు కదల్లేదు. మధ్యాహ్నం దాటాక ఎప్పుడో బెండు మునిగింది. ఆయన ఒక్కరి వల్లా కాకపోతే వెనకనుంచి నేను కూడా కర్ర పట్టుకున్నాను, ఇద్దరం కలిసి లాగాం. మూరెడుకి కాస్త తక్కువ, పక్కలకి గులాబీ చార, ఎండకి మెరిసిపోతోంది. నేను అప్పటికే మనసులో చింతపండు నానబెట్టేశాను. ఆయన దాన్ని ఐసు డబ్బాలో పెట్టి మూత వేసి, "ఇది అయ్యగారిది. రెండోది మనది" అన్నారు.

రెండోది పడలేదు. ఎండ చెట్ల వెనక్కి జారింది, ఆయన పెదాలు నీలంగా మారుతున్నాయి. పక్కన గాలం వేస్తున్న ఒక ముసలాయన, ప్రతి ఏడూ మా ఎర ముద్ద అడిగి తీసుకునే మనిషే, మా పరిస్థితి చూసి తన చేపల్లోంచి రెండు తీసి మాకివ్వబోయాడు. నేను చేతులు చాచాను. ఈయన నవ్వుతూ థాంక్యూ చెప్పి, "వియ్ విల్ గెట్ అవర్స్" అన్నారు, మాది మేం పట్టుకుంటాం అని. ఆ ముసలాయన నావైపు చూశాడు, నేను తల దించుకున్నాను. చేతులు వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

అమ్మగారింటికి వెళ్ళేసరికి ఆయన గుమ్మం మెట్టు మీదే కూలబడ్డారు. అమ్మగారు డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ ఆయన్ని చూసి, "ఈసారికి మీరే వండుకోండి బాబూ, దేవుడేం అనుకోడు" అన్నారు. ఆయన నవ్వి, "ఆయన అనుకోడండి అమ్మగారూ, నాకే బాగుండదు" అన్నారు. ఆవిడ కొంగు తలమీదకి లాక్కున్నారు. ఆ ప్రార్థన ఎప్పటికన్నా పొడుగ్గా సాగింది. నేను కళ్ళు మూసుకోలేదు, ఆ చేపనే చూస్తూ నిలబడ్డాను.

ఆయన్ని కార్లో కూర్చోబెట్టి బండి తీశాను. నాకు కోపం వచ్చింది, ఆయన మీదా, ఆ పట్టింపు మీదా, ఇచ్చిన చేపని వద్దన్న ఆ నవ్వు మీదా. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయనే నా చేతిమీద చెయ్యి వేసి, ఆ చేపలు తీసుకుంటే కథ అయిపోయేది కదోయ్, రెండో చేప కోసం మళ్ళీ రావాలి కదా మనం అన్నారు. అప్పుడర్థమైంది నాకు. ఆయన నిలుపుకున్నది పట్టింపు ఒక్కటే కాదు, వచ్చే శనివారాన్ని కూడా.

ఆ వచ్చే శనివారం వాన. నది ఎర్రగా పొంగి, వంతెన కింది ఇసక మునిగిపోయింది. ఆ పై శనివారానికి హాస్పిటల్లో ఉన్నాం. ఆ మంచం మీంచి కూడా, నది తేటపడి ఉంటుందా అని అడిగారు, తేటపడింది అన్నాను. నదిలో నీళ్ళు ఇంకా వేడెక్కకముందే ఆయన వెళ్ళిపోయారు.

మొన్న ట్రక్కుని చూసి వచ్చాక గరాజులోంచి కర్ర తీశాను. మా అమ్మాయి ఫోన్లో, "అమ్మా, ఆర్ యూ సీరియస్? అక్కడ స్లిప్పరీ ఉంటది, నువ్వు పడిపోతావ్" అంది. లైసెన్సు తీసుకుని, ఎర ముద్ద పిసుక్కుని, సీజను తెరిచిన రోజు అదే వంతెన కిందకి వెళ్ళాను. ఇప్పుడు ఒడ్డంతా మనవాళ్ళే, ట్రక్కు ఎక్కడ ఎప్పుడు వస్తుందో ఫోను చూసుకుని వస్తున్నారు. నేను గాలం వేసి కుర్చీ సర్దుకునేలోపే చేప పడింది. ఆ ఏడు ఎక్కడికి పోయిందో ఈ చేప! నా పక్కనున్న తెలుగు కుర్రజంట చప్పట్లు కొట్టారు. "ఆంటీ, ఇంకోటి వేయండి, మస్తు బైట్ చేస్తున్నాయ్" అంది ఆ అమ్మాయి. నేను దారం చుట్టేసి, కుర్చీ మడిచేశాను.

అయ్యగారూ అమ్మగారూ రిటైరై టెక్సాస్‌లో కొడుకు దగ్గరున్నారు. చర్చికి ఇప్పుడు సొంత గుడి ఉంది, పెద్ద పార్కింగ్ లాట్ ఉంది, చిన్న వయసు పాస్టరు ఉన్నాడు. ఆ పాస్టరు భార్యకి చేప ఇస్తే, ఎందుకిచ్చానో తెలియక కాస్త కంగారుపడి, ఫొటో తీసి చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పాపం మంచి పిల్ల, దాని తప్పేం లేదు. ఓక్ ట్రీ రోడ్ వైపు ఇప్పుడు చెరువు చేప తాజాగా దొరుకుతుంది, కొట్టు వాళ్ళే పొలుసు తీసి ముక్కలు కొట్టి ఇస్తారు, ఎవరూ ఏ చేప కోసమూ ఒక వారం ఎదురుచూడక్కర్లేదు. నేనూ ఇంకోసారి గాలం వేసి ఉంటే రెండోది పడేదే, ఆ రోజు నది నిండా చేపలే. మొదటి చేప ఎవరికివ్వాలో నాకు ఇప్పటికీ తెలుసు. రెండోది ఎవరికి వండాలో తెలియకే ఇంటికొచ్చేశాను.