ఎస్కలేటర్ దగ్గర చెయ్యి పట్టుకునే ఆవిడ

నర్సీపట్నం బస్టాండులో విశాఖ బస్సు ఎంతకీ కదలడం లేదు. కాలు నిలవక దిగుతున్నాను, ఎక్కుతున్నాను. నాలుగోసారి ఎక్కేసరికి ముందు సీట్లో ఉన్న ఆవిడ, "ఏటండి ఆ తిరుగుడు, కూకోండి" అంది. పక్కన కూర్చున్నాను.

విశాఖలో ఒక పెద్ద బట్టల షాపులో ఎస్కలేటర్ కింద నిలబడి, భయపడేవాళ్ళను ఎక్కించడం ఆవిడ ఉద్యోగమట.

"మనోళ్ళు అంత మెరిసే మెట్లమీద సెప్పులేటని కిందే ఇప్పేసి ఎక్కేత్తారండి. ఆ సెప్పులు అట్టుకుని ఎనకాల నేనెక్కాలి."

"వేరే భాషల వాళ్ళొస్తే?"

"తమిళోళ్ళు, ఒరియావోళ్ళు, ఇందీవోళ్ళు, ఎవులొచ్చినా ఎస్కలేటర్ అనే అంటారు. ఆళ్ళ మాటల్లో నాకు తెలిసింది అదొక్కటే. అదని సెయ్యి సాపుతారు, నేను అట్టుకుంటాను."

అయినా ఉండబట్టలేక టీకి దిగాను. అంతలో బస్సు కదిలిపోయింది. పరుగెత్తి ఫుట్‌బోర్డు ఎక్కబోయి తడబడ్డాను. ఆవిడ ఎప్పుడు లేచి వచ్చిందో, తలుపు దగ్గర నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"కిందకి సూడకండి. ముందుకి సూసి కాలెట్టండి."

పేరు అడగలేదు. ఇప్పటికీ ఏ ఊళ్ళో ఎస్కలేటర్ ముందు నిలబడినా, రెయిలింగు పట్టుకునే ముందు నా చెయ్యి ఒక్క క్షణం పక్కకి సాగుతుంది.