బాపు నేర్పిన ముడి

మొన్న సుచిత్ర చౌరస్తా దగ్గరి మా ఫ్లాటు బాల్కనీలో బట్టలారేసే తాడు తెగిపోతే కొత్తది కడుతుండగా, నా చేతులు వాటంతట అవే బాపు నేర్పిన ముడి వేశాయి. గుంజేకొద్దీ బిగిసే ఆ ముడిని చూసి అక్కడే పీట మీద కూలబడ్డాను.

బాపు శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. బడి ముఖం చూడని నాకు అమ్మ ఇంట్లోనే బైబిలు ముందేసుకుని అక్షరాలు దిద్దిస్తే, బాపు తెప్పను గట్టున కట్టడం నేర్పాడు. ఒకసారి గాలికి తెప్పా, వలా కొట్టుకుపోయి ఇంటిల్లిపాదీ పస్తున్నాం. ఆ ఆకలి ఎలాంటిదో మన ఈడువాళ్ళకు చెప్పనక్కర లేదు. అప్పటి నుంచి, ముడి వేయకుండా తాడు వదలొద్దనేది మా ఇంట్లో ప్రార్థన తర్వాత అంతటి మాట.

నాలుగేళ్ళ కిందట, ఇంగ్లండులో నర్సుగా స్థిరపడిన మా చెల్లెకు కడుపులో క్యాన్సరు ముదిరింది. ఇక మందులు వద్దని తేల్చేసింది. ఎలాగైనా ఒప్పించాలని ఉపవాసముండి, మొక్కుకుని వెళ్ళాను. ఆమె నన్ను ఆసుపత్రికి కాదు, కాలువకు తీసుకుపోయింది. సన్నగా పొడుగ్గా ఉండే పడవ, లోపలే మంచాలు, పొయ్యి. మనిషి నడకకన్నా నెమ్మదిగా, ముసురులో, చెల్లె, ఆమె భర్త, నేను ముగ్గురం ఆరు రోజులు పోవాలి. చాయ్ తాగిన ప్రతిసారీ నేను మందుల మాట ఎత్తడం, ఆమె కిటికీలోంచి బాతులను చూడడం, మరిది తల దించుకోవడం.

నాలుగో రోజు కాలువ దిగువకు మారే చోట, రెండు పెద్ద తలుపుల మధ్య పడవను నిలిపారు. మరిది తూము తీసి నీళ్ళు వదులుతుంటే, గట్టు మీద నేను తాడు పట్టుకుని, నీళ్ళు తగ్గేకొద్దీ వదులుతూ పోవాలి. అతను రెండుసార్లు చెప్పాడు కూడా. నేను గట్టు మీది గుంజకు ముడి వేశాను. నీళ్ళు దిగాయి; పడవ తాడుకు వేలాడి పక్కకు ఒరిగింది, లోపల గిన్నెలు పగిలాయి.

“అక్కా, ఇడువు! తాడు ఇడువే!” లోపలి నుంచి చెల్లె అరిచింది.

బిగిసిన ముడి నా గోళ్ళకు లొంగలేదు. మరిది పరుగున తూము మూసి, వచ్చి కత్తితో తాడు కోశాడు. పడవ ధబ్బున నీళ్ళమీద పడింది. దిగి చూస్తే చెల్లె పొయ్యి పక్కన ఒరిగి ఉంది. కెటిల్లోని వేడినీళ్ళు పడి చెయ్యి కాలింది. అయినా నవ్వింది.

“గింత గట్టిగ కట్టినవ్, నేనేమన్న పారిపోయే చేపనా? బాపు సూస్తె మస్తు మురిసేటోడు.” నేను ఏడుస్తుంటే మెల్లగా అంది, “ఇగ మందుల ముచ్చట తియ్యకక్కా. ఉన్నన్ని దినాలు నాతోని ఊకె కూసో.”

“ఇగ తియ్య చెల్లె,” అన్నాను.

మిగిలిన రెండు రోజులూ ఆమె చేతికి మందు రాస్తూ, పక్కనే కూర్చున్నాను. ప్రార్థనలో కూడా ఏమీ అడగలేదు.

ఇప్పుడు బాపు లేడు. ఆదివారం ఆరాధన అయ్యాక శామీర్‌పేట కట్ట మీద ఆగితే ఫొటోలు దిగేవాళ్ళే తప్ప నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు కనబడరు. మా ఇంట్లో ఆ ముడి తెలిసినదాన్ని నేనొక్కతినే, ఎవరికీ నేర్పను. ఆ రెండు రోజులు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పని పూట లేదు. కానీ నేను తిరిగొచ్చాక ఆ చలికాలమే చెల్లె వెళ్ళిపోయి, మరిది ఫోనులో కడసారి చూపించినప్పుడు, పెట్టెలో ఆమె ఛాతీ మీద ముడిచిన చేతుల్లో ఒకదానిపై ఆ కాలిన మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.