కొండ మీద వెయ్యి అడుగుల తేడా

ఇనుప కొండల్లో పేలుడు జరిగితే మా క్వార్టర్స్ కిటికీలు గజగజలాడే కాలం అది. బస్తర్ గనుల ఊరు బచేలీలో మేం ఆకాశం వైపు చూడటానికి అప్పట్లో ఒకటే కారణం ఉండేది: ఎర్ర దుమ్ము ఎటు నుంచి వస్తోందో చూసుకుని ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకోవడం. అలాంటి ఊళ్ళో గని మెకానిక్ కూతురు విమానం నడుపుతుందంటే ఎవరు నమ్ముతారు? మా నాన్నే మొదట నమ్మలేదు. నమ్మడం మొదలుపెట్టాక మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. గని అధికారులను తీసుకొచ్చే చిన్న విమానంలో కోపైలట్‌గా బస్తర్‌కు మొదటిసారి వస్తున్నానని ఫోన్‌లో చెప్పానో లేదో, మా వీధి వీధంతా రెండు జీపుల్లో ఎక్కించి విమానాశ్రయం కంచె దగ్గర నిలబెట్టాడు. "మా అమ్మాయి గీత గీసినట్టు దింపుతాది, సూడండి!" అని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడట. (నాన్నది విజయనగరం వైపు. గీత గీయడం కూడా నాకు సరిగ్గా రాదని డ్రాయింగ్ మార్కులు చూసిన ఆయనకు బాగా తెలుసు.) బాసగూడ నుంచి మా పెద్దమ్మ కూడా, బస్సులు మారి, వేయించిన ఇప్పపూల పొట్లంతో వచ్చింది.

ఈ సంబరమంతా కింద. పైన నేను కొత్త యూనిఫాంలో బిగుసుకుపోయి కూర్చున్నాను. పక్క సీట్లో కెప్టెన్ గారు. రాజమండ్రి మనిషి, మాటలు బహు పొదుపు. కోపైలట్లమంతా చాటున మౌనస్వామి అనుకునేవాళ్ళం. ఆ రోజు నడిపే వంతు నాకిచ్చారు. వానాకాలం, కొండలన్నీ మబ్బులో మునిగిపోయాయి. దిగడం మొదలుపెట్టేముందు మాకో పద్ధతి ఉంటుంది. దిగే దారిలో ఏ గుర్తు దగ్గర ఎంత ఎత్తుకు తగ్గకూడదో విమానాశ్రయం వాళ్ళిచ్చే అరైవల్ చార్టు అనే కాగితంలో రాసి ఉంటుంది. అదే సంగతి విమానంలోని కంప్యూటర్‌లోనూ ఎక్కించి ఉంటుంది. ఒకరు ఒకటి చదవాలి, ఇంకొకరు రెండోది చూడాలి. రెండూ ఒక్కటే కావాలి. నేను గుడిలో అష్టోత్తరం చదివినట్టు గడగడా చదువుకుంటూ పోతున్నాను. సరిగ్గా కొండ మీది గుర్తు దగ్గర నా నాలుక ఆగిపోయింది. కాగితం ఆరు వేల అడుగులంటోంది. కంప్యూటర్ ఐదు వేలు చాలంటోంది.

"సర్! తేడా ఉంది సర్!" అన్నాను. ఆ గొంతు నాది కాదు, తోక తొక్కిన పిల్లిది.

"ఎంత?"

"వెయ్యి అడుగులు. కాగితమే నిజం అనుకుంటా సర్."

"అనుకుంటే కొండ ఒప్పుకోదమ్మా. అడుగు."

టవర్‌ను అడిగాను. ఆరు వేలే. చార్టు ఈమధ్యే మారిందట, మా కంప్యూటర్‌కు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. "తేడా వచ్చినప్పుడు ఎక్కువ ఎత్తు పట్టుకోవాలి. గాలి ఎవరినీ గుద్దదు," అన్నారు కెప్టెన్ గారు. (ఆయన నోటి నుంచి ఒకేసారి అన్ని మాటలు రావడం నేనెరగను. ఆ క్షణంలోనూ ఆశ్చర్యపోయాను.) కంప్యూటర్‌ను పక్కనపెట్టి విమానాన్ని నా చేతుల్లోకి తీసుకున్నాను. కళ్ళు ఎత్తు చూపే ముల్లు మీదే ఉన్నాయి, అయినా ఎక్కడో లోపల పండగలా ఉంది. చుట్టూ తెల్లటి మబ్బు. దాని అడుగున ఎక్కడో, చిన్నప్పటి నుంచి మా వంటింటి కిటికీలోంచి కనిపించే కొండలాంటిదే, ఓ నల్లటి కొండ. అదిప్పుడు కనిపించదు. కనిపించకుండానే ఉండాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

గుర్తు దాటేదాకా దిగకుండా పట్టుకోవడంతో, మబ్బులోంచి బయటపడేసరికి రన్‌వే మరీ దగ్గరగా, మరీ లోతున ఉంది; దిగాలంటే నిటారుగా దూకాల్సిందే. కంచె దగ్గర రంగురంగుల చీరలు కనిపించాయి. నోటిదాకా వచ్చిన మాట "దించేద్దాం సర్" అన్నదే.

కెప్టెన్ గారు నా మొహంలోకి చూశారు. "నిర్ణయం నీది."

"ఇంకో చుట్టు వేద్దాం సర్," అన్నాను. ఆ మాట అనడానికి నాకు కొండ దాటడం కంటే ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది.

ఇంజన్లు హోరెత్తాయి. విమానం మా వాళ్ళందరి నెత్తి మీదుగా దూసుకుంటూ పైకి లేచిపోయింది. కింద ఏం జరిగిందో తర్వాత అమ్మ చెప్పింది. పెద్దమ్మ నోరు తెరిచేసి, "ఏందే, ఇది దిగకుండనే పోతాంది! పోరి మనల్ని గుర్తుపట్టలేదా ఏంది?" అందట. జీపు డ్రైవరు, "ఉతర్‌నా భూల్ గయీ క్యా?" అని పళ్ళికిలించాడట. దిగడం మర్చిపోవడమా! నాన్నకు పౌరుషం పొడుచుకొచ్చింది. "మర్చిపోడమేటి? ఇంతమంది వచ్చారని సలాం కొట్టింది కదేటి! కొట్టండి చప్పట్లు!" అన్నాడట. వీధి వీధంతా నమ్మేసి చప్పట్లు కొట్టింది.

రెండోసారి చక్కగానే దించాను. మెట్లు దిగి బయటికి రాగానే బంతిపూల దండ, దాని వెనకే, "సలాం ఎంత బాగా కొట్టినవ్ బిడ్డా!" అంటూ పెద్దమ్మ కౌగిలి. అది సలాం కాదని చెప్పబోయాను. నాన్న కళ్ళతో బతిమాలుతున్నాడు. ఇంతలో కెప్టెన్ గారు ముందుకొచ్చి, "మీ అమ్మాయే కొట్టిందండీ. నేను కూర్చుని చూశాను," అని చెప్పి, పెద్దమ్మ చేతిలోంచి నాలుగు ఇప్పపూలు తీసుకుని నములుతూ వెళ్ళిపోయారు.

ఆ రాత్రికి నాకు ఇంట్లో ఉండే వీలు దొరికింది. జీపులో బచేలీ వెళుతుంటే నాన్న నెమ్మదిగా నా వైపు వంగి, "నిజం చెప్పు. ఏటైంది?" అన్నాడు. చెప్పాను. కాగితం, కంప్యూటర్, కొండ, అన్నీ. సలాం గురించి ఏమైనా అంటాడనుకున్నాను. గ్రీజు మరకలు వదలని ఆ చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. ఊరొచ్చేదాకా వదల్లేదు.

ఇప్పుడు నేను పెద్ద విమానాలు నడుపుతున్నాను. ఎంత నున్నగా దించినా ఎవరూ చప్పట్లు కొట్టరు, ఆగకముందే లేచి సంచులు దించుకుంటారు. అందరూ వెళ్ళిపోయాక ఒక్క క్షణం కిటికీలోంచి కంచె వైపు చూస్తాను. ఎవరూ ఉండరు. ఒకవేళ ఉంటే మాత్రం, నా నెరిసిన జుట్టూ భుజం మీది నాలుగు కెప్టెన్ పట్టీలూ మర్చిపోయి, ఈ పెద్దమనిషి రెండు చేతులూ ఊపేయడం ఖాయం.