తిరుమలసామన్న తిన్నె

ల్యాబు యంత్రాలన్నీ చూసుకునే మా తిరుమలసామన్నకు ఒకే ఒక్క పిచ్చి. ఊరూ పేరూ అడగకుండా దేన్నీ మా ల్యాబు గడప తొక్కనివ్వడు. మనుషుల్ని ఆరా తీసేవాళ్లను చూశాను గానీ, పెన్‌డ్రైవ్‌ను చేతిలో పట్టుకుని "ఏ ఊరు? ఎవుర్ని చూడను వచ్చినావు?" అని నిలదీసేవాణ్ణి కోయంబత్తూరు మొత్తంలో ఇతన్నే చూశాను.

తలుపు పక్కన, దేనికీ తీగ కలపని పాత కంప్యూటరు ఒకటుంది. బయటినుంచి ఏది వచ్చినా వైరస్ ఉందేమోనని ముందు అందులో పెట్టి చూస్తాడు. దానికి ఆయన పెట్టిన పేరు తిన్నె, అంటే ఇంటిముందు అరుగు. కొత్తవాళ్లు ముందు తిన్నె మీద కూర్చోవాలి కదా! చెన్నై నుంచి యంత్రం బాగుచేయడానికి వచ్చిన ఇంజినీరు పెన్‌డ్రైవ్ అక్కడ రెండు గంటలు కూర్చుంది. ఇంజినీరు మాత్రం నిలబడ్డాడు.

"సార్, ఇది కంపెనీ పెన్‌డ్రైవ్!"

"ఆమాం తంబీ, కంపెనీ మంచిదే. దారిలో ఇది ఎవురెవురింట్లో దూరిందో?"

వైఫై ఉన్న కొత్త త్రాసు వస్తే ఆ వైఫై ఆపించేశాడు. "తూకమేసేదానికి ఊరందరితో మాటలెందుకు?" అన్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. పేరు జెనిఫర్, ఇల్లు పోదనూరు రైల్వే కాలనీ. చేరి అయిదు నెలలు, ఆరో నెల దాటితేనే ఉద్యోగం ఖాయం. నవ్విన నాపచేనే పండుతుందని నాకప్పుడు గుర్తులేదు.

ఒక శనివారం పొద్దున ఆఫీసు కంప్యూటరుకు 'మీ మెషిన్ సర్టిఫికెట్' అంటూ మెయిల్ వచ్చింది. తెరిచాను. తెర నల్లబడి, ఫైళ్లకు తాళం వేశాం, డబ్బు కట్టండి అని ఎర్రక్షరాలు వచ్చాయి. లోపల ఫెర్మెంటర్లో కోళ్ల టీకా మందు పందొమ్మిది రోజులుగా పెరుగుతోంది. దాన్ని నడిపే కంప్యూటరుకూ ఇదే గతి పడితే అంతా మురుగే. పరిగెత్తాను.

"అన్నా, నేనే తెరిచినాను!"

తిట్టలేదు. ఆఫీసుకూ ల్యాబుకూ నడుమ తాను ఉంచిన ఒకే ఒక్క తీగను పట్టి పీకేశాడు. "ఏడవాకు కన్నా. ఇప్పుడు చూడు."

ఆఫీసులో పదకొండు కంప్యూటర్లు పోయాయి. ల్యాబులో ఒక్కటీ పోలేదు. ఫెర్మెంటర్ దర్జాగా తిరుగుతోంది! మేమంతా ఈలలు వేశాం.

అంతలో మేనేజరు సత్యరాజ్ సార్ వచ్చారు. "ఆ మెయిల్ తెరిచిందెవురు? వాళ్లు ఇప్పుడే ఇంటికి పోవచ్చు."

తిరుమలసామన్న ముందుకొచ్చాడు.

"లోపలికి ఏది వచ్చినా జవాబు నాదేనని కాగితం ఇచ్చింది మీరే కదా సార్. పంపేదుంటే నన్ను పంపండి."

ఆయన్ని పంపేస్తే ఫెర్మెంటర్ను చూసేదెవరు? సార్ గొంతు సవరించుకుని వెళ్లిపోయారు.

"నా తప్పు నీ నెత్తినేసుకున్నావెందుకన్నా?" అన్నాను.

"నువ్వు బయపడి దాచింటే మందంతా పోయుండును. నిజం చెప్పినోళ్లను ఇంటికి పంపితే, రేపు ఎవురు చెప్తారు పాపా?"

యంత్రాలను అంతగా అనుమానించే మనిషి మమ్మల్ని ఒక్కనాడూ అనుమానించలేదని అప్పుడు తట్టింది. సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

సోమవారం ఆయన బల్ల ముందు జనం వరుస కట్టారు. ముత్తుసెల్వి తెలియని లింకు ఏదో నొక్కిందట. కదిరవన్ ల్యాబు కంప్యూటరుకు ఫోన్ తగిలించి ఛార్జింగ్ పెట్టాడట. అందరూ వెళ్లాక సత్యరాజ్ సార్ వచ్చి, తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించారు.

"తిరుమలసామీ, పోయిన వారం నేనూ ఒకటి తెరిచినాను. బెస్ట్ మేనేజర్ అవార్డు వచ్చిందని ఉన్నింది."

"చెప్పి మంచిపని చేసినారు సార్" అంటూ అన్న నవ్వకుండా కుర్చీ లాగి వేశాడు.