బాబాయి పేగుకి నేనిచ్చిన సలహా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం. (నర్సింగు పూర్తయి అప్పటికి ఆరు నెలలు.) రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే గదిలో డ్యూటీ. పరీక్షకి ముందు పేగు కడిగిన పళ్ళెంలా ఉండాలి. అందుకు ఏం చెయ్యాలో పేషెంట్లకి చెప్పడం నా పని. మందుపొడి కలిపిన నీళ్ళు ముందురోజే మొత్తం తాగేసే పద్ధతి ఒకటి, సగం ముందురోజు, సగం పరీక్షరోజు తెల్లవారుజామున తాగేది ఇంకొకటి, ఇవి కాక మా నాయనమ్మల కాలం నాటి ఆముదం. ఎవరికి ఏది ఎలా పనిచేసిందో రాసుకుని మార్కులు కూడా వేసేదాన్ని. రెండు విడతలదే ఎప్పుడూ ఫస్టు. అది తెలిసీ బాబాయి విషయంలో చేసిన తప్పు కాబట్టే ఇన్నేళ్ళయినా మింగుడు పడటం లేదు.

మా బాబాయికి కడియంలో మొక్కల నర్సరీ. ఒకరోజు ఆసుపత్రికి వచ్చి, నన్ను మెట్ల పక్కకి పిలిచి, చుట్టూ చూసి, "అమ్మడూ, దొడ్డికెళ్తే రక్తం పడతందే. మీ పిన్నికి చెప్పకు, ఏడ్చి ఊరంతా పోగేస్తది" అన్నాడు. డాక్టరుగారు చూసి వెంటనే పరీక్ష రాశారు. ఆలస్యం చెయ్యొద్దని నా ఎదుటే అన్నారు. నేను రెండు విడతల సంగతి చెప్పగానే బాబాయి బెంబేలెత్తిపోయాడు. "తెల్లారగట్ట ఆ నీళ్ళు తాగి బండెక్కితే దారిలో ఎక్కడ దిగమంటావే? కాలవ గట్టు మీదా? దారి పొడుగునా మనకి తెలిసినోళ్ళే!" అతని మొహం చూసి జాలేసింది. (జాలి సగం, గొప్ప సగం.) "పోనీ ముందురోజే మొత్తం తాగెయ్ బాబాయ్, పైన రెండు చెంచాల ఆముదం వేసుకో, తిరుగుండదు" అన్నాను. ఆ వైద్యం ఏ డాక్టరూ చెప్పలేదు, అచ్చంగా నా సొంతం. పీచున్నవి తినొద్దని మాత్రం పదిసార్లు చెప్పాను.

పరీక్ష రోజు డాక్టరుగారి పక్కనే ధీమాగా నిలబడ్డాను. ఆయన తెర వైపు చూస్తూ, "ఏంటమ్మా ఇది, పీచు పీచుగా?" అన్నారు. మత్తులో ఉన్నాడనుకున్న బాబాయి బల్ల మీంచి ఎంతో మర్యాదగా, "ఆయ్, పనసపొట్టండి. ఆవ పెట్టిందండి" అన్నాడు.

జరిగిందేమిటంటే, ముందురోజు మధ్యాహ్నం బయటి రాష్ట్రం పార్టీవాళ్ళు మొక్కల కోసం లారీ తెచ్చారు. లోడింగయ్యాక వాళ్ళకి భోజనం పెట్టి, నర్సరీ యజమాని కూడా వాళ్ళ సరసన కూర్చుని తినకపోతే మా వైపు అది అవమానం కిందే లెక్క. వద్దంటే కారణం చెప్పాలి. చెబితే పిన్నికి తెలుస్తుంది. ఆవిడ మారు కూడా వడ్డించిందట. డాక్టరుగారు గొట్టం తీసేసి, "లోపల ఏమీ కనిపించట్లేదు. వచ్చే వారం మళ్ళీ రండి, ఈసారి రెండు విడతల్లో తాగాలి" అన్నారు.

ఆ వారంలోనే మా పెద్దన్నయ్య పెళ్ళి. బంతిలో పనసపొట్టు కూర వచ్చింది. నా నోరు ఊరుకోలేదు. "బాబాయికి వెయ్యకండి, కెమెరాలో కనబడుతుంది!" అన్నాను. ఏంటే, ఏంటే అని అందరూ అడిగారు. మొత్తం చెప్పేశాను, "ఆయ్ పనసపొట్టండి" అని గొంతు అనుకరించి మరీ. పొట్టలు పట్టుకుని నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు. తర్వాత చెయ్యి కడుక్కోడానికి లేచి, మళ్ళీ ఆ పెళ్ళిలో ఎవరికీ కనిపించలేదు.

రెండో పరీక్షకి రాలేదు. పెళ్ళిలో నా నోటి పుణ్యాన సంగతి తెలిసిపోయి పిన్ని అడిగితే, డాక్టరుగారు అంతా బాగుందన్నారని చెప్పాడట. నేను ఫోన్ చేస్తే, "తగ్గిపోయిందమ్మా, నీకెందుకు శ్రమ" అన్నాడు. అది అబద్ధమేమోనని అనుమానం రాకపోలేదు. కానీ మొహం చెల్లక, సరేలే అనేసుకున్నాను. ఏడాదిన్నర తర్వాత మొక్కల మధ్యనే కళ్ళు తిరిగి పడిపోయాడు. క్యాన్సరు. పేగు చాలా వరకు తీసేశారు. "అప్పుడే వచ్చుంటే, చిన్న బుడిపెగా ఉండగానే గొట్టంతో తీసేసేవాళ్ళం" అన్నారు డాక్టరుగారు, నా వైపు చూడకుండా. బాబాయి బతికాడు. పొట్ట పక్కన మలం పడే సంచితో బతుకుతున్నాడు. బంతి భోజనాలకి వెళ్ళడు.

పోయిన నెల నాకూ అదే బాధ మొదలైంది. ఎవరికీ చెప్పొద్దని మా ఆయన దగ్గర ఒట్టు వేయించుకున్నాను. ఆయన ఆ పూటే బాబాయికి ఫోన్ చేసేశారు. పరీక్ష ముందురోజు సాయంత్రం బాబాయి కొబ్బరినీళ్ళ సీసాతో దిగి, కుర్చీ లాక్కుని, బాత్‌రూముకి దారి వదిలి కూర్చున్నాడు. వందల మందికి "నిమ్మరసంలా ఉంటుందండి, గటగటా తాగెయ్యండి" అని చెప్పిన నోటికి మొదటి గుక్కే దిగలేదు. ఛీ, ఎంత పాడు రుచో! ఇన్నేళ్ళూ ఒక్క చెంచా కూడా నోట్లో వేసుకుని చూడలేదు మహాతల్లిని. మొహం వికారంగా పెట్టి గ్లాసు కింద పెట్టేశాను.

బాబాయి గ్లాసు తీసి మళ్ళీ నా చేతికిచ్చాడు. "తాగమ్మా. నేనెవరికీ చెప్పన్లే" అన్నాడు. దెప్పిపొడుపు కాదు. నేను సిగ్గుపడుతున్నానని నిజంగానే అనుకున్నాడు. ఏడుపొచ్చింది, వెనకే నవ్వూ వచ్చింది. ఆనాటి ఆ మిడిసిపాటు పిల్ల ఎదురుపడితే చెవి మెలేసి ఈ మనిషి పక్కన కూర్చోబెట్టాలనిపించింది. కళ్ళు తుడుచుకుని, ముక్కు మూసుకుని, గ్లాసెత్తాను.